మీరడిగారు: పుర్రెల బురుజు, సింజెలిచ్ సంగతులు

ఓడిపోయినవాళ్ల తలలు నరికి ఊరందరికీ కనపడేలా పెట్టడం మన దగ్గరే జరిగిందా, వేరే దేశాల్లో కూడా ఉండేదా అని కిందటి సంచికలో ఒక పాఠకుడు అడిగితే, సెర్బియాలో నీష్ అనే ఊళ్లో, తుర్కుల మీద తిరగబడి ఓడిపోయినవాళ్ల 952 పుర్రెలతో కట్టిన బురుజు ఉందని నాలుగు లైన్లు రాసి వదిలేశాను. అంత పెద్ద సంగతిని నాలుగు లైన్లతో వదిలేసి ఉండాల్సింది కాదు. అప్పట్నుంచి కర్నూలు, కడప, అనంతపురం వైపు నుంచి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి పేజీలన్నీ దీనికే ఇస్తున్నాను.

కోవెలకుంట్ల నుంచి

"సార్, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తలను మా ఊరి కోట మీద ముప్పై ఏళ్లు వేలాడదీశారని మా జేజి చెబుతుంటే విని పెరిగినోణ్ణి. మీరు రాసింది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పుర్రెల సైన్యానికి నాయకుడెవరు? మన నరసింహారెడ్డి లాంటివాడేనా?"

అన్నా, ఆయన పేరు స్తెవాన్ సింజెలిచ్. 1770 ప్రాంతంలో పుట్టాడు, 1809 మే 31న నీష్ ఊరికి దగ్గర్లో చెగార్ అనే గుట్ట మీద చనిపోయాడు. పుట్టి పెరిగింది రెసావా అనే నది పక్క పల్లెల్లో. పెద్ద వంశమేమీ కాదు. నరసింహారెడ్డికి నొస్సం పాలెగాళ్ల రక్తం ఉంది, తాతల పేరు ఉంది, కంపెనీ వాళ్లు అన్నీ లాక్కుని చివరికి నెలకు పదకొండు రూపాయల చిల్లర పెన్షన్ పడేసినా ఊళ్లో మాత్రం ఆయన దొరే. సింజెలిచ్‌కి అదేం లేదు. చిన్నప్పుడే తండ్రి పోతే ఆ ప్రాంతపు పెద్ద దగ్గర పనికి కుదిరాడు. 1804లో తుర్కు పాలకుల మీద తిరుగుబాటు మొదలవగానే తుపాకి పట్టుకుని వెళ్లాడు, రెండేళ్లు తిరక్కుండానే రెసావా ప్రాంతం మొత్తానికి వొయ్‌వోదా అయ్యాడు. వొయ్‌వోదా అంటే వాళ్ల భాషలో సేనానాయకుడు. పనికి కుదిరిన పిల్లవాడి మాట మీద వేల మంది రైతులు చావుకి సిద్ధపడ్డారంటే అది పుట్టుకతో వచ్చిన పెద్దరికం కాదు, పక్కనుండి చూసినవాళ్లు ఇచ్చింది. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

కాలం కూడా చూడండి. నిజాం మన సీమని 1800లో కంపెనీకి రాసిచ్చాడు. మన్రో దొర ఈ దత్త మండలాలకి కలెక్టరుగా ఉండి పాలెగాళ్ల అధికారం ఊడబెరుకుతున్న ఆ ఏడేళ్లలోనే అక్కడ సెర్బియా రైతులు తిరగబడ్డారు. వీళ్ల సంగతి వాళ్లకి తెలీదు, వాళ్ల సంగతి వీళ్లకి తెలీదు. కానీ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న ఉరి తీసి తలను 1877 దాకా కోట మీద ఉంచిన బుద్ధీ, నీష్ దగ్గర దారి పక్కన పుర్రెలతో గోడ కట్టిన బుద్ధీ ఒకటే: దారిన పోయేవాడు తలెత్తి చూడాలి, చూసి ఇంటికెళ్లి పిల్లలకి చెప్పాలి, వాళ్లు భయపడాలి. మీ జేజి మీకు చెప్పింది కదా, మీరు భయపడ్డారా? నాకు ఉత్తరం రాశారు.

అనంతపురం నుంచి, గ్రూప్స్‌కి చదువుతున్న అమ్మాయి

"సార్, సెర్బియా తిరుగుబాటు ఎందుకు వచ్చిందో క్లుప్తంగా చెప్పండి. పుస్తకాల్లో అంతా కలగాపులగంగా ఉంది. సుల్తాన్ మీద తిరగబడ్డారంటారు, మళ్లీ సుల్తాన్ పేరు మీదే మొదలైందంటారు. టెన్షన్‌గా ఉంది."

టెన్షన్ అక్కర్లేదమ్మా, రెండూ నిజమే. బెల్గ్రేడ్ చుట్టుపక్కల ప్రాంతం ఇస్తాంబుల్‌లో ఉండే తుర్కు సుల్తాన్‌ది, ఆయన తరఫున ఒక పాషా, అంటే గవర్నర్, దాన్ని ఏలేవాడు. అక్కడి జానిసరీ సైనికులు సుల్తాన్ మాట వినడం ఎప్పుడో మానేశారు. వాళ్లలో దహీలు అని పిలిచే నలుగురు నాయకులు 1801 చివర్లో హాజీ ముస్తఫా పాషాని చంపేసి ప్రాంతాన్ని పంచుకున్నారు. రైతు దగ్గర పాత పన్నులు పోను పైన ఇంకో వాటా, అడిగితే దెబ్బలు. జనం సుల్తాన్‌కి మొర పెట్టుకుంటున్నారని తెలిసి, వాళ్లకి నాయకులు లేకుండా చేస్తే సరిపోతుందని, 1804 జనవరి చివర్లో ఊరి పెద్దలందర్నీ వెతికి వెతికి చంపడం మొదలుపెట్టారు. మన రెడ్లు, కరణాలు ఎలాగో అక్కడ క్నేజ్ అనేవాళ్లు అలాగ. పదుల సంఖ్యలో చంపారు, తలలు తీసుకెళ్లి ప్రదర్శనకి పెట్టారు. తప్పించుకున్నవాళ్లు ఫిబ్రవరి 15న ఒరాషత్స్ అనే పల్లెలో కూడి, కరాజోర్జె అనే పందుల వ్యాపారిని నాయకుడిగా ఎన్నుకున్నారు. అంతకుముందు ఆస్ట్రియా సైన్యంతో కలిసి తుర్కుల మీద పోరాడిన అనుభవం ఆయనకుంది.

కాబట్టి మొదట్లో పోరు దహీల మీద. సుల్తాన్‌కి కూడా వాళ్ల పీడ వదిలితే చాలనే ఉంది. ఏడాది తిరక్కుండా దహీలు నలుగురూ పోయారు. కానీ రైతులు తుపాకులు దించలేదు, దించితే మళ్లీ పాతకథే అని వాళ్లకి తెలుసు. 1805లో సుల్తాన్ సొంత సైన్యాన్ని పంపితే ఇవాంకోవత్స్ దగ్గర దాన్ని ఆపేశారు. అక్కడితో లెక్క మారిపోయింది, అది సుల్తాన్ మీద యుద్ధం అయింది. ఆ ఇవాంకోవత్స్‌లో మన సింజెలిచ్ ఉన్నాడు, మరుసటేడు దెలిగ్రాద్ యుద్ధంలోనూ ఉన్నాడు.

పరీక్షకి పనికిరాకపోయినా ఇంకొకటి చెబుతాను, నాకు బాగా నచ్చిన సంగతి. అంతకుముందు తరాల్లో అక్కడ హైదుక్కులు అని ఉండేవాళ్లు. ప్రభుత్వం లెక్కలో బందిపోట్లు, జనం లెక్కలో వీరులు. అడవి చిగురేసే మే నెల మొదట్లో సెయింట్ జార్జ్ పండగకి గుంపుగా కలిసేవాళ్లు, నవంబర్‌లో ఆకు రాలాక సెయింట్ డిమిత్రి పండగకి విడిపోయి, నమ్మిన ఇళ్లల్లో పాలేర్లలాగా పశువులు కాస్తూ చలికాలం గడిపేవాళ్లు. ఆకు లేకపోతే దాక్కోవడానికి చోటుండదు కదా. అలాంటి చోట 1804లో నడి చలికాలంలో, చెట్టు మీద ఆకు లేని ఫిబ్రవరిలో తిరగబడ్డారంటే ఎంత మీదికి వచ్చిందో ఆలోచించు.

ప్రొద్దుటూరు నుంచి

"సింజెలిచ్ అనే ఇంటిపేరు తల్లి పేరు మీద వచ్చిందని మా అబ్బాయి ఫోన్లో చూసి చెప్పాడు. నిజమా?"

నిజమేనండీ. తల్లి పేరు సింజెలియా. తండ్రి పోయాక ఆమె మళ్లీ పెళ్లి చేసుకుని కొత్త ఊరికి కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లింది. ఆ ఊళ్లోవాళ్లకి పిల్లవాడి తండ్రెవరో తెలీదు, సింజెలియా కొడుకని మాత్రమే తెలుసు. "ఇచ్" అని చివర పెడితే వాళ్ల భాషలో ఫలానావాళ్ల బిడ్డ అని. అలా సింజెలియా కొడుకు సింజెలిచ్ అయ్యాడు. మన పల్లెల్లో కూడా "లచ్చుమమ్మ కొడుకు" అంటే తప్ప గుర్తుపట్టని మనుషులు లేరూ? కాకపోతే మన దగ్గర అది నోటి మాటగానే పోతుంది, అక్కడ అదే ఇంటిపేరై సెర్బియా వీధుల మీద, బడుల మీద నిలిచింది. రెండో పెళ్లి చేసుకున్న ఒక పల్లెటూరి ఆడమనిషి పేరు.

నంద్యాల నుంచి, రిటైరైన ఉపాధ్యాయులు

"పక్కనే సెర్బు సైన్యం ఉండి కూడా సింజెలిచ్‌కి ఎవరూ సాయం రాలేదని చదివాను. ముఠా తగాదాల వల్లేనా? మన సీమలో ఇవి చూసి చూసి అడుగుతున్నాను."

మాస్టారూ, మీ ప్రశ్న చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. అవును, చాలా వరకు అందువల్లే.

1809 వసంతంలో కరాజోర్జె నాలుగు దిక్కులా ఒకేసారి సైన్యాన్ని నడిపించాడు. దక్షిణంగా నీష్ వైపు వెళ్లింది సుమారు 16 వేల మంది. నీష్ అంటే ఇస్తాంబుల్ నుంచి బెల్గ్రేడ్ వెళ్లే రాజమార్గం మీద ఉన్న కోట, అది చేతికొస్తే తాళంచెవి చేతికొచ్చినట్టే. ఆ సైన్యంలో అప్పటికే పేరున్న నాయకుడు పేతర్ దోబర్న్యాత్స్. ఆ వైపు ప్రాంతం ఆయనదే, మనుషులూ ఆయన మనుషులే. కానీ పెత్తనం మాత్రం మిలోయె పెత్రోవిచ్‌కి ఇచ్చారు. ఇంకేముంది. ఇద్దరికీ పడలేదు, ఒకరి మాట ఇంకొకరు వినలేదు. కోట మీద వెంటనే పడి ఉంటే ఏమయ్యేదో గానీ, పడకుండా చుట్టుపక్కల గుట్టల మీదా పల్లెల దగ్గరా కందకాలు తవ్వుకుని మట్టికోటలు కట్టుకుని కూర్చున్నారు. కూర్చున్న ప్రతి రోజూ అవతలివాడికి లాభం. ఎదిర్నే నుంచి, సలోనికా నుంచి తుర్కు బలగాలు దిగుతూనే ఉన్నాయి, వేలల్లో.

మిలోయె ఉన్నది కమెనిత్సా పల్లె దగ్గర. సింజెలిచ్ ఉన్నది అందరికన్నా ముందు, చెగార్ గుట్ట మీద, సుమారు 3 వేల మందితో. గుట్ట మీద నుంచి చూస్తే నీష్ అంతా కింద పరిచినట్టు కనపడుతుంది, అంటే నీష్ నుంచి చూసేవాడికి కూడా మొదట కనపడేది చెగారే.

మే 31 పొద్దున మొదలైంది. ఆ యుద్ధాన్ని కళ్లారా చూసిన మిలోవాన్ కుకిచ్ అనే మనిషి తర్వాత చెప్పిన మాటలు మిగిలాయి. తుర్కులు ఐదుసార్లు మీదికొచ్చారు, ఐదుసార్లూ వెనక్కి తోశారు. ఆరోసారి వచ్చేటప్పటికి కందకం చచ్చినవాళ్లతో నిండిపోయింది. మాస్టారూ, కందకం అంటే దాటలేనంత లోతుగా తవ్వుకున్నది, అది శవాలతో పూడిపోయింది, బతికినవాళ్లు ఆ శవాల మీద నడుచుకుంటూ లోపలికొచ్చారు. ఇక తుపాకి నింపుకునే టైం లేదు, తుపాకి మడమలతో, కత్తులతో, బల్లేలతో మొహామొహీ కొట్టుకున్నారు.

మిగతా కందకాల్లో ఉన్న సైనికులకి ఇదంతా తెలుస్తూనే ఉంది. స్తెవాన్‌కి సాయం వెళ్దామని కేకలు పెట్టారట. సాయం మాత్రం వెళ్లలేదు. గుర్రపు దండు లేకుండా మధ్యలో ఉన్న మైదానం దాటలేకపోయారో, మిలోయె పోనివ్వలేదో, రెండు మాటలూ కుకిచ్ చెప్పాడు, ఏదో ఒకటి తేల్చలేదు. సెర్బియాలో మాత్రం జనం ఎప్పుడో తేల్చేసుకున్నారు, తప్పు మిలోయె మీదే వేశారు. నేనైతే మిలోయె ఒక్కడి మీద వేయను. ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాటల్లేకుండా చేసి, ఒకడి ఊరికి ఇంకొకడిని పెద్దగా పెట్టినవాళ్లకి కూడా అందులో వాటా ఉంది. దోబర్న్యాత్స్ కథ కూడా బాగా ముగియలేదు, పెత్తనాల గొడవలో 1811లో ఆయన్ని దేశం దాటించేశారు.

కేకలు పెట్టిన ఆ మామూలు సైనికుల సంగతి నన్ను వదలదు. వాళ్లకి ముఠాలు లేవు. పక్క గుట్ట మీద ఉన్నది వాళ్ల ఊరివాళ్లే, బంధువులే అయుంటారు.

బేతంచెర్ల నుంచి

"అన్నా, మేము నాపరాళ్ల క్వారీల్లో బ్లాస్టింగ్ పని చేసినోళ్లం. సింజెలిచ్ పిస్తోలు కాల్చి మందుగుండు పేల్చినాడని అంటారు. డిటోనేటర్ లేకుండా పిస్తోలుతో పేలుతుందా? కత గాదు గదా?"

మీలాంటివాళ్లు అడగాల్సిన ప్రశ్నే ఇది. ఇప్పుడు మీరు వాడే మందు నిప్పు తగిలినా ఊరికే పేలదు, దానికి డిటోనేటర్ దెబ్బ కావాలి. 1809లో ఉన్నది నల్లమందు. సురేకారం, బొగ్గు, గంధకం కలిపి దంచినది, సురేకారమే ముప్పావు వంతు ఉంటుంది. దానికి ఒక్క నిప్పురవ్వ చాలు. అప్పటి పిస్తోలు కూడా చెకుముకి రాయిది. గుర్రం నొక్కితే రాయి ఉక్కుకి రాసుకుని రవ్వలు రాలతాయి, గొట్టంలోంచి గుండుతో పాటు మంట, కాలుతున్న మందు బయటికి చిమ్ముతుంది. అలాంటి పిస్తోలుని మందు గుట్టలోకి దగ్గర్నుంచి కాలిస్తే పేలడానికి అనుమానం ఏమీ లేదు. మూసిన చోట అయితే ఇంకా గట్టిగా పేలుతుందని మీకు నేను చెప్పాలా, రంధ్రంలో మందు వేసి మట్టి కూరేది అందుకే కదా. వాళ్ల మందు కూడా మట్టి తవ్వి చేసిన గదిలోనే ఉంది.

తుర్కులు కందకంలో నిండిపోయారని చూసి సింజెలిచ్ మందుగుండు గది దగ్గరికి పరిగెత్తాడనీ, పిస్తోలు తీసి లోపలికి కాల్చాడనీ, చుట్టుపక్కల నేలంతా అదిరి కందకమంతా పొగ కమ్మేసిందనీ కుకిచ్ చెప్పాడు. ఆ పేలుడు మాత్రం నిజం. చివరి క్షణంలో ఆయన మొహంలో ఏముంది, ఏం మాట్లాడాడు అని ఎవరైనా మీకు డైలాగులు చెబితే నమ్మకండి, అంత దగ్గరగా నిలబడి చూసినవాడు బతికి వచ్చి చెప్పే వీలు లేదు. ఆయన ముందున్న దారులు మాత్రం మనం ఊహించుకోవచ్చు. పట్టుబడితే శూలానికి గుచ్చడం అప్పట్లో మామూలు శిక్ష. మందుగుండు శత్రువు చేతికిపోతే వెనక కందకాల్లో ఉన్నవాళ్ల మీదికే అది తిరుగుతుంది.

ఆదోని నుంచి, తొమ్మిదో తరగతి విద్యార్థి

"952 అని అంత ఖచ్చితంగా ఎలా చెప్పారు సార్? ఎవరు లెక్కపెట్టారు?"

కట్టిన పద్ధతిలోనే లెక్క ఉంది నాన్నా. నలుచదరపు బురుజు, సుమారు 15 అడుగుల ఎత్తు. ఒక్కో పక్క 14 వరసలు, వరసకి 17 పుర్రెలు. 14ని 17తో హెచ్చవేస్తే 238. నాలుగు పక్కలకి నువ్వే చూడు.

కడప నుంచి

"గురువుగారూ, మేము ముస్లింలం. ఇలాంటి చరిత్ర బయటికి తీసినప్పుడల్లా అది తిరిగి తిరిగి మా మీదికొస్తుంది. తుర్కులు చేసిన పనికి నన్ను ఎవరో అడిగినట్టు ఉంటుంది. దీన్ని ఎలా రాయాలి, ఎలా చదవాలి?"

అయ్యా, ఉగాదినాడు దేవుని కడపలో వెంకటేశ్వరస్వామికి ముస్లింలు కొబ్బరికాయ కొట్టే జిల్లా నుంచి వచ్చిన ప్రశ్న ఇది, దీన్ని దాటేసి పోలేను.

మొదట పుర్రెల బురుజు కట్టించింది నీష్ దగ్గర తుర్కు సైన్యానికి పెద్దగా ఉన్న హుర్షిద్ పాషా. ఆ పని ఆయనది, ఆ రాజ్యానిది. తలల చర్మం ఒలిపించి, గడ్డి కుక్కించి ఇస్తాంబుల్‌కి సుల్తాన్ రెండో మహ్ముద్ దగ్గరికి పంపించాడు, పుర్రెల్ని గోడలో పెట్టించాడు. ఇది దాచాల్సిన పని లేదు. కానీ కథలో ఇంకో పాషా కూడా ఉన్నాడు. పైన చెప్పాను కదా, దహీలు చంపిన హాజీ ముస్తఫా పాషా. పన్నుల విషయంలో, ఊరి పెద్దల హక్కుల విషయంలో రైతుల్ని ఎంత బాగా చూసుకున్నాడంటే ఆయన్ని జనం "సెర్బుల తల్లి" అని పిలుచుకున్నారు. ఒక మగవాణ్ణి, పాషాని, తల్లి అన్నారు. ఆయన్ని చంపింది కూడా ముస్లింలే, ఆయన చావు తర్వాతే తిరుగుబాటు దారి పట్టింది. యాభై ఏళ్ల తర్వాత 1861లో నీష్‌కి వచ్చిన మిధాత్ పాషా, పాలన బాగుచేయాలని చూసిన మనిషి, ఆ బురుజులో మిగిలిన పుర్రెల్ని తీసేయమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ గోడ వల్ల భయం పుట్టట్లేదు, పగే పుడుతోందని ఆయనకి అర్థమైంది.

ఇంకో వైపు కూడా చెప్పకపోతే తప్పవుతుంది. 1878లో నీష్ సెర్బుల చేతికి వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల తరాలుగా ఉన్న వేలాది ముస్లిం కుటుంబాలు ఇళ్లూ పొలాలూ వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. వాళ్లలో పుర్రెల గోడ కట్టినవాళ్లెవరూ లేరు, అప్పటికి డెబ్బై ఏళ్లు గడిచాయి. నేను దీన్ని రైతుకీ రాజ్యానికీ మధ్య కథగానే రాస్తాను, ఎందుకంటే అది మొదలైంది అలాగే. మీరూ అలాగే చదవండి, ఎవరైనా మీ మీదికి తెస్తే ముస్తఫా పాషా పేరు చెప్పండి.

గుంతకల్లు నుంచి

"చివరికి గెలిచారా, ఓడారా?"

చెగార్ ఓటమితో దక్షిణ వైపు అంతా కూలింది, తుర్కులు మొరావా నది వైపు తోసుకొచ్చేశారు. 1812లో నెపోలియన్ మీదికొస్తుంటే, అప్పటిదాకా సెర్బులకి తోడుగా ఉన్న రష్యా సుల్తాన్‌తో సంధి చేసుకుని తన సైన్యాన్ని తీసుకెళ్లిపోయింది. 1813లో తిరుగుబాటు మొత్తం అణిగిపోయింది, కరాజోర్జె నది దాటి ఆస్ట్రియాకి పోయాడు. 1815లో మిలోష్ ఒబ్రెనోవిచ్ మళ్లీ లేపాడు. ఈయన యుద్ధం కన్నా బేరం ఎక్కువ తెలిసిన మనిషి, మెల్లమెల్లగా సొంత పాలన సంపాదించాడు. 1817లో కరాజోర్జె రహస్యంగా తిరిగొస్తే ఆయన్ని చంపించి, తలను ఇస్తాంబుల్‌కి పంపింది కూడా ఈ మిలోషే. తలలు పంపడం తుర్కుల ఒక్కరి పనే కాదని ఇందాక కడప పెద్దాయనకి చెప్పి ఉండాల్సింది. పూర్తి స్వాతంత్ర్యం 1878లో వచ్చింది, అంటే సింజెలిచ్ పోయిన 69 ఏళ్లకి.

ఆళ్లగడ్డ నుంచి

"ఇప్పుడు అక్కడికెళ్తే ఏం కనపడుతుంది సార్? కోవెలకుంట్లలో ఏ గుర్తూ సరిగా మిగల్లేదు, అక్కడైనా ఉంచారా?"

ఉంచారమ్మా. చెగార్ గుట్ట మీద 1927లో కట్టిన రాతి బురుజు ఉంది, సింజెలిచ్ విగ్రహం ఉంది. పుర్రెల బురుజు మీద 1892లో చిన్న గుడిలాంటి కట్టడం కట్టారు, అంటే ఇప్పుడు ఆ బురుజు ఎండావానా తగలకుండా ఒక గది లోపల ఉంటుంది. పక్కన గాజు పెట్టెలో ఒక పుర్రె విడిగా ఉంటుంది, అది సింజెలిచ్‌దే అంటారు. పేలుడులో పోయిన మనిషి పుర్రె అదేనని నమ్మడం కష్టమే గానీ, అక్కడికెళ్లిన ముసలివాళ్లు దాని ముందు శిలువ గుర్తు వేసుకుంటే వద్దనడానికి నేనెవరిని.

అంతకుముందు ఎనభై ఏళ్లు అది ఆరుబయటే ఉంది. 1833లో లమార్తీన్ అనే ఫ్రెంచి కవి తూర్పు దేశాల నుంచి తిరిగొస్తూ, ఎండకి తాళలేక దూరంగా మైదానంలో తెల్లగా కనపడ్డ బురుజు నీడన కాసేపు పడుకుందామని గుర్రం దిగాడు. పాలరాయి కట్టడం అనుకున్నాడట. దగ్గరికెళ్లి తలెత్తి చూశాక తెలిసింది. కొన్ని పుర్రెలకి ఇంకా జుట్టు ఉంది, అది గాలికి నాచులాగా ఊగుతోంది, పుర్రెల కన్నాల్లోంచి గాలి వీస్తూ ఏడుపులాంటి చప్పుడు. అప్పటికి 24 ఏళ్లయింది, జుట్టు ఇంకా ఉంది. ఈ బురుజుని సెర్బులు కూల్చకుండా ఉంచుకోవాలని, స్వాతంత్ర్యం కోసం తండ్రులు ఎంత వెల చెల్లించారో పిల్లలకి అదే చెబుతుందని ఆయన రాసుకున్నాడు.

ఇప్పుడు 952లో మిగిలింది 58. ఎండకీ వానకీ రాలిపోయినవి కొన్ని, గుర్తుగా ఎవరెవరో పట్టుకుపోయినవి కొన్ని. కొన్నింటిని చచ్చిపోయినవాళ్ల బంధువులే వచ్చి తీసుకెళ్లి పూడ్చుకున్నారు. చర్మం ఒలిచేసిన పుర్రెలవి, ఏది ఎవరిదో తెలిసే దారి లేదు. మీ అన్నదో, మీ నాయనదో తీసుకోవడానికి వచ్చారనుకోండి, చెయ్యి ఎంత పైకి అందితే అంత పైనున్న దాన్ని, ఎవరిదైతేనేం అని, గారలోంచి ఊడదీసుకుని గుడ్డలో చుట్టుకుని వెళ్లి ఉంటారు. అలా ఊడిన ప్రతి చోటా గారలో ఒక గుంట మిగిలింది, గుండ్రంగా, తల పట్టేంత. ఇప్పుడు మీరు వెళ్తే ఎక్కువగా కనపడేవి ఆ గుంటలే.